ఏనాటి రక్తమునకు ఏ పరీక్ష?



నేను వైద్యుడను గాను. ముప్పదియేండ్లకు పైగా ఉన్నత పాఠశాలలో తెలుగును సంస్కృతమును బోధించి విశ్రాంతి గైకొన్నవాడను. అట్టివాడు రక్తపరీక్షలను గూర్చి ప్రసంగించుట యేమని మీలో కొందరికి సందేహము కలుగవచ్చును. ఆ సందేహము న్యాయమైనదే. వైద్యము చెప్పుటకు నేను రాలేదు. పరీక్షాఫలితమని మన చేతికి వచ్చిన కాగితమును ఎట్లు చదువవలెనో, ఎట్లు చదువరాదో, మా యింట జరిగిన యొక పొరపాటు నాకు నేర్పినది. ఆ పొరపాటు చేసినవాడను నేనే. నేడు చెప్పబోవు శాస్త్రవిషయములను ఒక వైద్యమిత్రునకు చదివి వినిపించి, ఆయన దిద్దిన పిమ్మటనే మీ యెదుటికి తెచ్చితిని.

2019వ సంవత్సరము, భాద్రపద మాసము. వానలు విడువక కురిసి, మా వీధిలో ప్రతి పెరటిలోను ఏ కుండపెంకులోనో, ఏ కొబ్బరిచిప్పలోనో నీరు నిలిచియుండెను. మా మనుమడు, పదునాలుగేండ్లవాడు, ఒక ఆదివారము సాయంకాలము ఒడలు నొప్పులనుచు పండుకొనెను. రాత్రికి జ్వరము 103 డిగ్రీలైనది. తల పగిలిపోవుచున్నదనియు, కనుగ్రుడ్ల వెనుక పోటు పెట్టుచున్నదనియు వాడు మూలుగుచుండెను. పేటలో డెంగీ జ్వరములున్నవని మేము వినియేయుంటిమి. సోమవారము ఉదయముననే వాని తండ్రి వానిని బజారులో రక్తము పరీక్షించు నొక చోటికి కొనిపోయెను. గంటలో కాగితము వచ్చినది. డెంగీ యను మాట కెదురుగా నెగెటివ్ అని యున్నది.

ఆ కాగితమును నా చేతి కిచ్చిరి. ఇంటికి పెద్దను, నాలుగు శాస్త్రములు విన్నవాడను గదా! "డెంగీ కాదు. వానకు తడిసిన జ్వరము. భయము లేదు" అని నేనే తీర్పు చెప్పితిని. ఆ మాటతో ఇంటిల్లిపాదికిని గుండె కుదుటబడినది. ఒడలు నొప్పులు తగ్గునని యెవరో యిచ్చిన మాత్రలు రెండు మూడు వేసిరి. గురువారమునకు జ్వరము దిగినది. మేమందరమును సంతోషించితిమి. కాని ఆ మధ్యాహ్నమునుండి బాలునకు కడుపులో నొప్పి, ఆగని వాంతులు. కాళ్లు చేతులు చల్లబడినవి. పిలిచినను పలుకడాయెను. జ్వరము పోయినది గదా, ఈ నీరసమేమని యనుకొనుచునే పెద్దాసుపత్రికి తీసికొనిపోతిమి.

అచ్చటి వైద్యురాలు నా కడపటి శిష్యుల వయసువారు. నాడి చూచి, రక్తపుపోటు చూచి, వారడిగిన మొదటి ప్రశ్న, "జ్వరము ఏనాడు మొదలైనదండీ?" అని. రెండవ ప్రశ్న, "ఈ కాగితమునకు రక్తము ఏనాడు తీసినారు?" అని. నేను, "డెంగీ కాదని వచ్చినదమ్మా" అంటిని. ఆమె కాగితమును ఒక్కసారి చూచి, "మాస్టారూ! ఇది రెండవనాటి రక్తము. చేసినది ఐజీఎం పరీక్ష. రెండవనాడు అది ఉండదు. కనబడకపోయినంత మాత్రాన జబ్బు లేదనుకొంటే ఎట్లాగండీ?" అనిరి.

శ్రోతలారా! ఆ మాట నాకు ములుకువలె నాటుకొన్నది. ఏలయన, అది నేను బాల్యమున గురువుగారి యెదుట కూర్చుండి వల్లించిన పాఠమే. 'ఇచ్చట కుండ లేదు' అను జ్ఞానము మనకెట్లు కలుగుచున్నది? కుండ కనబడకుండుటచేతనే. భాట్టమీమాంసకులును అద్వైతులును దీనిని అనుపలబ్ధి యను ప్రత్యేక ప్రమాణముగా నంగీకరించిరి. అయినను, చీకటిగదిలో కుండ కనబడలేదు గనుక కుండ లేదనవచ్చునా? అనరాదు. దీపముండవలెను. కన్ను సరిగా నుండవలెను. కుండయే యుండినచో తప్పక కనబడియుండెడిదను స్థితి యుండవలెను. అట్టి స్థితిలో కనబడకున్నప్పుడే లేదనుటకు మనకధికారము. దీనినే యోగ్యానుపలబ్ధి యందురు. నైయాయికులు దీనిని వేరు ప్రమాణముగా నొప్పుకొనకున్నను, ఆ యోగ్యత వలయునను మాట వారికిని సమ్మతమే. ఇంతటి పాఠమును పదిమందికి చెప్పిన నేను చీకటిగదిలో తొంగిచూచి, కుండ లేదని తీర్పు చెప్పితిని.

ఆ చీకటి యెట్టిదో యిప్పుడు విచారింతము.

మలేరియా జ్వరమును కలిగించు సూక్ష్మజీవిని రక్తపుబొట్టులో సూక్ష్మదర్శినితో చూడవచ్చును. 1880లో లావెరాన్ అను ఫ్రెంచి వైద్యుడు దానిని రోగుల రక్తములో కనుగొనెను. 1897లో మన సికింద్రాబాదులోనే రొనాల్డ్ రాస్ దోమ కడుపులో దాని జాడ పట్టెను. అది ప్రత్యక్ష ప్రమాణము. వైరసుల సంగతి యట్లు కాదు. డెంగీ వైరసు కొలత సుమారు 50 నానోమీటర్లు. అనగా 20,000 వైరసులను వరుసగా పేర్చినగాని ఒక మిల్లీమీటరు నిడివి కాదు. ఆసుపత్రులలోని మామూలు సూక్ష్మదర్శినికి అది యందదు. కావున దాని చిహ్నములను బట్టియే దాని యునికిని తెలిసికొనవలెను.

ఆ చిహ్నములు మూడు తెగలు. ఒక దృష్టాంతము చెప్పెదను. ఇంటిలో దొంగ పడినాడనుకొనుడు. దొంగనే పట్టుకొనుట యొకటి. వాడు తెచ్చిన సంచియో కన్నపుకత్తియో దొరకుట రెండవది. ఇంటివారు మేలుకొని పెట్టిన కేకలు మూడవది. రక్తములో వైరసుయొక్క జన్యుపదార్థమునే వెదకి పట్టు పరీక్షకు ఆర్.టి.పి.సి.ఆర్. అని పేరు. కరోనా నాళ్లలో ఈ పేరు పల్లెలకును తెలిసినది. వైరసు సోకిన కణములు రక్తములోనికి విడుచు ఒక మాంసకృత్తును వెదకు పరీక్షకు ఎన్‌ఎస్‌ వన్ అని పేరు. ఇది దొంగ సంచి వంటిది. ఇక మన శరీరము వైరసు నెదిరించుటకై తయారుచేసికొను ప్రతిరక్షకములు కేకల వంటివి. వానిలో తొలుత పుట్టునది ఐజీఎం. పిదప వచ్చి చిరకాలము నిలుచునది ఐజీజీ.

దొంగ లోపలికి వచ్చిన క్షణముననే ఇంటివారు కేకలు వేయరు. మేలుకొనుటకు కొంత కాలము పట్టును. దొంగ పారిపోయిన పిమ్మట సైతము కేకలు కొంతసేపు ఆగవు. ఈ ఒక్క సంగతి మనసున నాటినచో పరీక్షల రహస్యమంతయు తెలిసినట్లే.

వైరసు గల దోమ కుట్టిన పిదప 4 మొదలు 10 దినములలో జ్వరము పుట్టును. జ్వరము పుట్టిన మొదటి 5 దినములలో రక్తమున వైరసు ఉండును. ఎన్‌ఎస్‌ వన్ మాంసకృత్తును ఆ దినములలోనే బాగుగా దొరకును. అటుపిమ్మట తగ్గిపోవును. ఐజీఎం సాధారణముగా 4వ, 5వ దినమునుండి పైకి వచ్చి, రెండు వారముల నాటికి మిక్కుటమై, రెండు మూడు నెలలలో క్షీణించును. అందుచేత మొదటి 5 దినముల రక్తమునకు ఎన్‌ఎస్‌ వన్, అటుపైని రక్తమునకు ఐజీఎం, ఈ రెండింటిని ఎలీసా పద్ధతిని చేయవలెనని మన భారత ప్రభుత్వపు జాతీయ కార్యక్రమము నియమించినది. ఐజీఎం పరీక్షకు కావలసిన సామగ్రిని పూనాలోని జాతీయ వైరస్ పరిశోధన సంస్థ తయారుచేసి, నియమిత ఆసుపత్రులకు పంపుచున్నది. 1952లో వైరస్ పరిశోధన కేంద్రమను పేర స్థాపింపబడిన సంస్థయే అది.

ఎలీసా యనునది 1971లో స్వీడను దేశమున ఎంగ్వాల్, పెర్ల్‌మాన్ అనువారు లోకమునకు తెలిపిన పద్ధతి. అందు రంగు ఎంత చిక్కనైనదో యంత్రము కొలిచి చెప్పును. బజారులో పావుగంటకు గీత చూపు చిన్న పట్టీలు వేరు. అవి సులభములు, శీఘ్రములు. వైద్యుడు లేని చోట కొంత దారి చూపును. కాని వాని మాటయే తుది మాట కాదు. పట్టీపై గీత కనబడినచో డెంగీ కావచ్చుననుకొని, ఎలీసాతో నిశ్చయించుకొనవలెను. గీత కనబడకున్నను సందేహము తీరినదని యనుకొనరాదు.

మా బాలుని కథకు మరల వచ్చెదను. ఆనాటికి జ్వరము మొదలై అయిదవ దినము. అది రెండు పరీక్షలకును సంధికాలము. కావుననే వైద్యురాలు ఎన్‌ఎస్‌ వన్‌ను ఐజీఎంను రెండింటిని ఎలీసాకు పంపిరి. కాని శ్రోతలు గమనింపవలసిన విశేషమొకటి కలదు. ఆ ఫలితము మరునాడు గాని రాదు. ఆమె దానికొరకు ఒక్క నిమిషమైనను ఎదురుచూడలేదు. రక్తము ఎంత చిక్కబడినదో తెలుపు పరీక్షను అప్పటికప్పుడు చేయించి, సెలైను ఎక్కించి, కొన్ని గంటలకొకసారి మరల పరీక్షించుచు, మూత్రము ఎంత పోవుచున్నదో కొలిపించుచు ఆ రాత్రి యంతయు కనిపెట్టుకొనియుండిరి. మరునాడు ఎన్‌ఎస్‌ వన్ ఉన్నదని కాగితము వచ్చినది. అప్పటికే బాలుడు కన్ను తెరచి మంచినీళ్లడుగుచుండెను. జబ్బు పేరు తెలుపుటకు ఒక పరీక్ష, ప్రాణము నిలుపుటకు మరియొక పరీక్ష అని నాకానాడు బోధపడినది. రేపటి కాగితముకొరకు నేటి చికిత్స ఆగరాదు.

డెంగీలో జ్వరము దిగు సమయమే గండము. సాధారణముగా 3వ దినమునకును 7వ దినమునకును నడుమ, జ్వరము తగ్గుచున్నప్పుడు, రక్తనాళములనుండి ద్రవము బయటికి ఊరి, రక్తము చిక్కబడి, పోటు పడిపోవచ్చును. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్లనుండియో ముక్కునుండియో రక్తము, మిక్కిలి నీరసము లేక తత్తరపాటు, ఆయాసము, మూత్రము తగ్గుట, కాళ్లు చేతులు చల్లబడుట. వీనిలో ఏ యొక్కటి కనబడినను, చేతిలోని కాగితము ఏమి చెప్పుచున్నను, ఆసుపత్రికి పరుగెత్తవలెను. జ్వరమునకు పారాసిటమాల్ తప్ప, ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్, డైక్లోఫినాక్ వంటి నొప్పిమాత్రలు రక్తస్రావమును పెంచును గనుక వానిని ముట్టరాదు. మా యింట వేసినవి అట్టి మాత్రలే యని తరువాత తెలిసి మేము వణకిపోతిమి.

ఇంతవరకు 'లేదు' అను మాటను గూర్చి చెప్పితిని. 'ఉన్నది' అను మాటను సైతము విచారింపక నమ్మరాదు. దూరమున పొగమంచును చూచి, పొగ యనుకొని, నిప్పున్నదని యనుమానించువాడు హేత్వాభాసమున పడినవాడు. ఐజీఎం రెండు మూడు నెలలు నిలుచునని చెప్పితిని గదా! శ్రావణమున డెంగీ వచ్చి తగ్గినవానికి ఆశ్వయుజమున మలేరియా వచ్చిన, వాని రక్తములో ఐజీఎం కనబడవచ్చును. దానిని చూచి డెంగీ యని మలేరియాను వదలివేసిన ప్రాణాపాయము. మరియు మెదడువాపు జ్వరపు వైరసు డెంగీకి దాయాది. ఒకదానికై పుట్టిన ప్రతిరక్షకము రెండవదాని పరీక్షలో పట్టుబడుట కద్దు. డెంగీ వైరసులోనే నాలుగు రకములున్నవి. ఒక రకము వచ్చి పోయినవానికి రెండవ రకము సోకినప్పుడు ఐజీజీ ముందుగానే ఎగసిపోవును, ఐజీఎం స్వల్పముగా నుండవచ్చును, ఎన్‌ఎస్‌ వన్ త్వరగా మాయము కావచ్చును. గండము ఎక్కువగా నుండునది అట్టివారికే. కావున ఒక్క పరీక్ష లేదన్నంతనే వైద్యుడు ఊరకుండక రెండవ పరీక్ష చేయించినచో, అది డబ్బు గుంజుట యని తొందరపడి నిందింపకుడు.

ప్లేట్‌లెట్ల సంగతి ఒక్క మాట. డెంగీ యనగానే మనవారు మొదట అడుగునది, "ప్లేట్‌లెట్లు ఎన్ని?" అని. ఆ సంఖ్య రోగి స్థితిని గమనించుటకు ఉపయోగించునే గాని, రోగమునకు పేరు పెట్టలేదు. మలేరియాలోను, ఇతర జ్వరములు పెక్కింటిలోను అవి తగ్గును. సంఖ్య తగ్గిన ప్రతివానికిని వానిని ఎక్కింపనక్కరయు లేదు. రక్తస్రావము, రక్తము చిక్కబడుట, పోటు, మూత్రము, వీనిని కలిపి చూచువాడే వైద్యుడు.

ఇక, ఎవరికి పరీక్ష చేయవలెనను ప్రశ్న. మేము బడిలో చేయించు లెక్కవంటి లెక్క నొకదానిని ఊహింతము. నూటికి 5 తప్పులు మాత్రమే చేయు మంచి పరీక్ష యొకటి యున్నదనుకొనుడు. డెంగీ ముమ్మరముగా నున్న ఊరిలో, తగిన లక్షణములు గల 1000 మందిలో 500 మందికి నిజముగా జబ్బున్నదనుకొనుడు. పరీక్ష 475 మందిని పట్టును. లేనివారు 25 మందికి ఉన్నదని చెప్పును. అనగా ఉన్నదన్న 500 కాగితములలో 475 నిజములు. అదే పరీక్షను ఏ లక్షణములును లేని 1000 మందికి చేయించితిమనుకొనుడు. వారిలో 10 మందికే జబ్బున్నదనుకొందము. ఆ పదిమందిని దాదాపుగా పట్టును. కాని లేని 990 మందిలో సుమారు 50 మందికి ఉన్నదని చెప్పును. అనగా 60 కాగితములలో 50 అబద్ధములు! పరీక్ష మారలేదు. అడిగినవారు మారిరి. కావుననే మంచి వైద్యుడు సూదికంటె ముందు ప్రశ్నలు వేయును. ఎన్ని దినములు? ఎట్టి నొప్పి? ఇంటిలో ఇంకెవరికైన నున్నదా? ఏ యూరు పోయి వచ్చితిరి? ఈ ప్రశ్నలు కాలక్షేపమునకు కావు. అవే పరీక్షలో మొదటి భాగము.

తక్కిన వైరసు వ్యాధులలోను న్యాయమిదియే. ఆటలమ్మ సామాన్యముగా వైద్యుని కంటికే తెలియును. దానికి రక్తపరీక్ష యరుదుగా గాని అక్కరలేదు. కరోనా శ్వాసమార్గమున నుండునది గనుక ముక్కునుండి, గొంతునుండి తీసిన నమూనాలో వెదకవలెను. దొంగ పెరటిలో నుండగా వీధిలో వెదకిన ప్రయోజనమేమి? హెచ్.ఐ.వి. సోకిన తొలి వారములలో పరీక్షకు అందకపోవచ్చును గనుక, వైద్యుడు చెప్పిన గడువునకు మరల పరీక్షించుకొనవలెను. ఇక పిచ్చికుక్క కాటు. కరవబడినవానికి వైరసు సోకినదో లేదో లక్షణములు పుట్టకముందు తెలుపగల పరీక్షయే లేదు. లక్షణములు పుట్టిన పిమ్మట చికిత్స దాదాపుగా లేదు. కాబట్టి అచ్చట పరీక్ష మాట తలపెట్టక, గాయమును సబ్బుతో ధారగా పారు నీటిలో 15 నిమిషములు కడిగి, వెంటనే టీకాకు పోవలెను. ఏ పరీక్ష చేయవలెనో తెలియుట యెంత ముఖ్యమో, ఎప్పుడు పరీక్షకొరకు ఆగరాదో తెలియుటయు అంత ముఖ్యము.

నాకొసగిన కాలము ముగియవచ్చినది. మీ యింట జ్వరము వచ్చినప్పుడు మూడు పనులు చేయుడు. జ్వరము మొదలైన దినమును గోడమీది పంచాంగములో గుర్తు పెట్టుడు. దానిని వైద్యునకు మొట్టమొదట చెప్పుడు. ఫలితము వచ్చినప్పుడు, చేసిన పరీక్ష పేరేమి, రక్తము ఏనాటిది యని చూచి, లేదని యున్నచో వైద్యుని ఇట్లడుగుడు: "అయ్యా, జబ్బే యుండినచో ఈనాటి రక్తములో ఈ పరీక్షకు కనబడియుండెడిదేనా?" కాదని వారనిన, మరల ఏనాడు రావలెనో అడిగి తెలిసికొనుడు. నేనా సోమవారము ఈ యొక్క ప్రశ్న అడిగియుండినచో, గురువారపు రాత్రి మా కోడలు ఆసుపత్రి వరండాలో కూర్చుండి అట్లు విలపించియుండెడిది కాదు.

మా మనుమడు నేడు కళాశాలలో చదువుచున్నాడు. ఇంటికి వచ్చినప్పుడెల్ల పెరటిలోని కుండపెంకులను తానే బోర్లించి, "తాతయ్యా! ఇక్కడ నీళ్లు లేవు. దీపము వేసి మరీ చూచినాను" అని నన్ను పరిహసించును. ఆ పరిహాసమునకు నేను తగినవాడనే.

సెలవు.